గుండె జబ్బు ఒకటే, ఆస్పత్రిలో దారులు వేరు: అమెరికాలో జాతి తేడాల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

నేను అమెరికాలో గుండె వార్డులో నర్సుని. హార్ట్ ఫెయిల్యూర్ తో, అంటే గుండె సరిగ్గా పంప్ చేయలేక, ఆయాసపడుతూ వచ్చేవాళ్ళు, స్టెంట్ వేయించుకుని వచ్చేవాళ్ళు, ఐసీయూ నుంచి బయటపడి వచ్చేవాళ్ళు, నా డ్యూటీ అంతా వీళ్ళతోనే. ఇక్కడ నల్లజాతివాళ్ళకి గుండె వైద్యం సరిగ్గా అందట్లేదంట నిజమేనా, మరి మన సంగతేంటి అని మనవాళ్ళు ఎక్కడ కలిసినా అడుగుతుంటారు. ప్రతిసారీ సగం సగం చెప్పే బదులు అన్నీ ఒకచోట రాసి పెడుతున్నా. పొడుగే, మీకు కావాల్సిన ప్రశ్న వెతుక్కుని చదవండి పర్లేదు.

అసలు ఈ తేడా నిజంగా ఉందా, పేపర్లవాళ్ళు పెద్దది చేసి రాస్తున్నారా?

ఉందండీ. ఒక్క లెక్క చెప్తా వినండి. హాస్పిటల్లో బెడ్ మీద ఉండగానే గుండె ఆగిపోయినవాళ్ళు, అందులోనూ కరెంట్ షాక్ ఇస్తే తిరిగి కొట్టుకునే రకం అరెస్ట్ వచ్చినవాళ్ళు, వాళ్ళలో ప్రాణాలతో ఇంటికి వెళ్ళింది తెల్లవాళ్ళలో 37.4 శాతం అయితే నల్లజాతివాళ్ళలో 25.2 శాతం. 2009లో వచ్చిన స్టడీ ఇది, పది వేల మందికి పైగా పేషెంట్ల రికార్డులు చూశారు. ఇంట్లోనో రోడ్డు మీదో జరిగింది కాదు, చుట్టూ నర్సులు, మానిటర్లు, షాక్ మెషిన్ అన్నీ ఉన్నచోట జరిగింది. అదే నాకు మింగుడుపడదు.

పెద్దది చేసి రాయడం కూడా జరిగింది, అదీ చెప్పాలి. 1999లో ఒక స్టడీలో నటులతో ఛాతీ నొప్పి పేషెంట్లుగా వీడియోలు తీసి 720 మంది డాక్టర్లకి చూపించి ఎవరికి యాంజియో రాస్తారో అడిగారు. నల్లవాళ్ళకి, ఆడవాళ్ళకి యాంజియో రాసే అవకాశం 40 శాతం తక్కువ అని టీవీలు, పేపర్లు హోరెత్తించేశాయి. తర్వాత లెక్కలు సరిగ్గా విడదీసి చూస్తే తెల్ల మగవాళ్ళకి, తెల్ల ఆడవాళ్ళకి, నల్లజాతి మగవాళ్ళకి ముగ్గురికీ 90.6 శాతమే రాశారు, తగ్గింది నల్లజాతి ఆడవాళ్ళకి ఒక్కళ్ళకే, 78.8 శాతం. అంటే తేడా ఉంది కానీ వాళ్ళు చెప్పినంత కాదు, చెప్పినచోట కూడా కాదు. నన్నడిగితే నిజం లెక్కే ఎక్కువ బాధ పెడుతుంది, ఎందుకంటే అది నేరుగా ఒక మనిషి మీద వేలు పెట్టి చూపిస్తుంది.

వాళ్ళ ఒంట్లోనే ఏదో తేడా ఉందేమో కదా?

చాలామంది మనసులో ఉండే ప్రశ్న ఇది. కొంత ఉంది. అమెరికాలో సుమారు 5,000 మంది కుర్రవాళ్ళని ఏళ్ళ తరబడి ఫాలో అయిన స్టడీ ఒకటుంది, అందులో 50 ఏళ్ళలోపే హార్ట్ ఫెయిల్యూర్ వచ్చినవాళ్ళు 27 మంది, వాళ్ళలో 26 మంది నల్లజాతివాళ్ళే. ఇరవై దాటగానే మొదలైన బీపీ, కిడ్నీ జబ్బు, ఒళ్ళు పెరగడం, ఇవీ అక్కడ కనిపించిన కారణాలు. చిన్న వయసులో బీపీ ఎందుకు వచ్చింది, వచ్చినా ఎందుకు ఎవరూ పట్టించుకోలేదు అంటే మళ్ళీ డాక్టర్ దొరకని వీధులు, ఇన్సూరెన్స్ లేని ఉద్యోగాలు, అక్కడికే వస్తుంది కథ.

జన్యువుల మాట కూడా ఉంది. ట్రాన్స్‌థైరెటిన్ అనే ప్రోటీన్‌లో ఒక మార్పు నల్లజాతి అమెరికన్లలో 3 నుంచి 4 శాతం మందిలో ఉంటుంది, వయసు మీద పడ్డాక ఆ ప్రోటీన్ గుండె గోడల్లో పేరుకుపోయి కొందరికి గుండె బిగుసుకుపోతుంది. దీనికి ఇప్పుడు మందులున్నాయి. కానీ చాలాసార్లు "బీపీ వల్ల గుండె దళసరి అయింది" అని రాసేసి వదిలేస్తారు, అసలు జబ్బు ఏళ్ళ తరబడి పేరు లేకుండా ఉండిపోతుంది. అంటే జన్యువు దగ్గర మొదలైన కథ కూడా చివరికి ఎవరు వెతికారు, ఎవరు వెతకలేదు అనే దగ్గరికే చేరింది.

ఒకే హాస్పిటల్లో కూడా తేడా ఉంటుందా?

ఉంటుంది. బోస్టన్‌లో బ్రిగమ్ అండ్ విమెన్స్ అని పేరున్న హాస్పిటల్, వాళ్ళు తమ రికార్డులు తామే తీసి చూసుకున్నారు, 2019లో బయటపెట్టారు. పదేళ్ళలో హార్ట్ ఫెయిల్యూర్ తో ఎమర్జెన్సీకి వచ్చి అడ్మిట్ అయినవాళ్ళు దాదాపు 2,000 మంది. అందులో నల్లజాతివాళ్ళు, లాటినోలు (లాటిన్ అమెరికా మూలాలవాళ్ళు) కార్డియాలజీ వార్డుకి వెళ్ళడం తక్కువ, జనరల్ మెడిసిన్ వార్డుకి వెళ్ళడం ఎక్కువ. కార్డియాలజీలో చేరినవాళ్ళు డిశ్చార్జ్ అయ్యాక 30 రోజుల్లో తిరిగి రావడం తక్కువ.

ఎవరూ గేటు దగ్గర నిలబడి నువ్వు ఇటు నువ్వు అటు అనలేదండీ. అక్కడే రెగ్యులర్‌గా చూపించుకునే కార్డియాలజిస్ట్ ఉన్నవాళ్ళకి కార్డియాలజీ బెడ్ దొరికింది, ఆ కార్డియాలజిస్ట్ ఉండేది ఎవరికి? రాత్రి రెండింటికి ఎమర్జెన్సీలో ఇది నాకు రోజూ కనిపించేదే, కొడుకో కూతురో ఫోన్ చేసి "మా నాన్న ఫలానా డాక్టర్ గారి పేషెంట్" అని గట్టిగా చెప్తే బెడ్ మారిపోతుంది, పక్క స్ట్రెచర్ మీద ఒంటరిగా ఉన్నామె "మీరెలా చెప్తే అలాగే" అంటుంది, ఆమె మెడిసిన్ వార్డుకి వెళ్తుంది. ఇద్దరికీ కాళ్ళు ఒకేలా వాచి ఉంటాయి, వేలుతో నొక్కితే ఇద్దరికీ అదే గుంట పడుతుంది.

హాస్పిటల్ మారితే ఎంత మారుతుంది?

చాలా. 2005లో వచ్చిన లెక్క చూడండి. గుండెపోటుతో వచ్చిన మెడికేర్ (ముఖ్యంగా 65 దాటినవాళ్ళకి ప్రభుత్వం ఇచ్చే ఇన్సూరెన్స్) పేషెంట్లలో, నల్లజాతివాళ్ళు అసలు రాని హాస్పిటళ్ళలో 90 రోజుల్లోపు చనిపోయినవాళ్ళు 20.1 శాతం, నల్లజాతివాళ్ళు ఎక్కువగా వచ్చే హాస్పిటళ్ళలో 23.7 శాతం. ఆ రెండో రకం హాస్పిటల్‌కి వెళ్ళిన తెల్లవాళ్ళకి కూడా ఆ నష్టం తప్పలేదు, ఇది గుర్తుంచుకోవాల్సిన మాట. మూసుకుపోయిన రక్తనాళాన్ని బెలూన్‌తో తెరవడానికి, అంటే పేషెంట్ గుమ్మం దాటిన దగ్గర్నుంచి బెలూన్ ఉబ్బేదాకా, తెల్లవాళ్ళకి సగటున 103 నిమిషాలు పడితే నల్లజాతివాళ్ళకి 122 నిమిషాలు పట్టింది అని 2004 స్టడీ. 90 నిమిషాల్లో అయిపోవాలి అసలు. ఆ తేడాలో చెప్పుకోదగ్గ భాగం ఏ హాస్పిటల్‌కి వెళ్ళారు అన్నదాని వల్లే.

ఇది ఎక్కడ్నుంచి వచ్చిందంటే వెనక్కి వెళ్ళాలి. 1946లో హిల్-బర్టన్ చట్టం అని తెచ్చి ఊరూరా హాస్పిటళ్ళు కట్టడానికి ప్రభుత్వం డబ్బులిచ్చింది, అదే చట్టంలో నల్లవాళ్ళకి వేరు తెల్లవాళ్ళకి వేరు కట్టుకోవచ్చు అని కూడా రాసింది. నార్త్ కరోలినాలో గ్రీన్స్‌బరో ఊళ్ళో నల్లజాతి డాక్టర్లు, డెంటిస్టులు, పేషెంట్లు కోర్టుకెళ్ళి 1963లో గెలిచారు. 1966లో మెడికేర్ మొదలైనప్పుడు, వార్డులు కలపకపోతే డబ్బు రాదు అని ప్రభుత్వం గట్టిగా కూర్చుంటే కొన్ని నెలల్లోనే వెయ్యి దాకా హాస్పిటళ్ళు దారికొచ్చాయి. తెల్లవాళ్ళకి వేరు నల్లవాళ్ళకి వేరు అన్న బోర్డులు పీకేశారు, కానీ ఎవరి వీధిలో ఏ హాస్పిటల్ ఉంది, దానికి ఎంత డబ్బుంది అన్నది అలాగే మిగిలిపోయింది.

మెషిన్లకి రంగు తెలీదు కదా, అవైనా సమానంగా చూస్తాయా?

చూడవు. వేలికి పెట్టే పల్స్ ఆక్సీమీటర్, కోవిడ్‌లో మన ఇళ్ళల్లోకి కూడా వచ్చిందే, అది చర్మం లోంచి వెలుతురు పంపి లెక్క కడుతుంది. 2020లో వచ్చిన స్టడీలో మీటర్ 92 నుంచి 96 చూపిస్తున్నప్పుడు రక్తం తీసి చూస్తే నిజం ఆక్సిజన్ 88 కన్నా తక్కువ ఉన్నవాళ్ళు తెల్లవాళ్ళలో 3.6 శాతం, నల్లజాతివాళ్ళలో 11.7 శాతం. నేను ఇప్పుడు పేషెంట్ మొహం చూస్తా, మాట మధ్యలో ఊపిరి కోసం ఆగుతున్నాడా చూస్తా, దిండ్లు ఎన్ని పెట్టుకుంటున్నారో అడుగుతా, తర్వాతే ఆ నంబర్.

కంప్యూటర్ స్కోర్లు ఇంకో కథ. హార్ట్ ఫెయిల్యూర్ పేషెంట్ హాస్పిటల్లో చనిపోయే ప్రమాదం ఎంత అని లెక్కేసే ఒక స్కోర్‌లో, నల్లజాతి మనిషి కాకపోతే 3 పాయింట్లు కలిపేవాళ్ళు. అంటే మిగతావన్నీ సమానంగా ఉన్న ఇద్దరిలో నల్లజాతి మనిషి తక్కువ ప్రమాదంలో ఉన్నట్టు కనపడతాడు, తక్కువ ప్రమాదం అనుకుంటే తక్కువ శ్రద్ధ. 2020లో దీని మీద పెద్ద చర్చ నడిచింది. కిడ్నీ ఎంత పనిచేస్తోందో కట్టే లెక్కలో, నల్లజాతివాళ్ళైతే ఫలితాన్ని పెంచి చూపించే గుణకాన్ని 2021లో తీసేశారు, గుండె జబ్బు ప్రమాదం లెక్కకట్టే కొత్త ఫార్ములా 2023లో జాతి లేకుండానే వచ్చింది.

ఇంకోటుంది, 2019లో బయటపడింది. ఎవరికి ఎక్స్‌ట్రా కేర్ కావాలో తేల్చడానికి పెద్ద పెద్ద సంస్థలు వాడిన సాఫ్ట్‌వేర్, జబ్బు ఎంత అని కాకుండా ఇంతవరకు వైద్యానికి ఎంత ఖర్చయింది అని చూసి నిర్ణయించేది. డబ్బు లేక డాక్టర్ దగ్గరికే వెళ్ళనివాడికి ఖర్చు తక్కువ కాబట్టి వాడు ఆరోగ్యవంతుడు అని తేల్చింది. సరిచేస్తే ఆ ఎక్స్‌ట్రా కేర్ అందేవాళ్ళలో నల్లజాతివాళ్ళ వాటా 17.7 శాతం నుంచి 46.5 శాతానికి పెరుగుతుందని తేలింది.

హార్ట్ ఫెయిల్యూర్‌లో నల్లజాతివాళ్ళు హాస్పిటల్లో తక్కువ చనిపోతారని చదివాను, మరి తేడా ఎక్కడ?

కరెక్టే చదివారు. అడ్మిట్ అయినవాళ్ళ వరకే చూస్తే వాళ్ళ మరణాలు తక్కువగా కనిపిస్తాయి, పై స్కోర్‌లో ఆ 3 పాయింట్లు అక్కడ్నుంచే వచ్చాయి. కానీ వాళ్ళు చిన్న వయసులో జబ్బు పడుతున్నారు, బయట క్లినిక్‌లో చూసుకోవాల్సిన దశలోనే చూసేవాళ్ళు లేక హాస్పిటల్‌కి వస్తున్నారు, డిశ్చార్జ్ అయి మళ్ళీ వస్తున్నారు. రీఅడ్మిషన్లు ఎక్కువైతే 2012 నుంచి మెడికేర్ హాస్పిటళ్ళకి ఫైన్ వేస్తోంది, తను ఇచ్చే డబ్బులో 3 శాతం దాకా. ఉద్దేశం మంచిదే, దెబ్బ మాత్రం పేదవాళ్ళు ఎక్కువగా వచ్చే హాస్పిటళ్ళకే గట్టిగా తగిలింది. తర్వాత చట్టం మార్చి 2019 నుంచి పేద పేషెంట్లు ఒకే స్థాయిలో వచ్చే హాస్పిటళ్ళని ఒకదాంతో ఒకటి పోలుస్తున్నారు.

బాలింతల గుండె గురించి ఏదో అంటారు, అదేంటి?

కాన్పు చివరి నెలల్లో, కాన్పయ్యాక కొన్ని నెలల్లో గుండె కండరం నీరసపడే జబ్బు ఉంది, నల్లజాతి ఆడవాళ్ళలో ఎక్కువ. ఆయాసం, కాళ్ళ వాపు, పడుకుంటే ఊపిరాడకపోవడం, ఇవే లక్షణాలు, అన్నీ బాలింతకి మామూలే అని కొట్టిపారేసేవే. 2023లో అమెరికాలో లక్ష కాన్పులకి, అన్ని కారణాలూ కలిపి, చనిపోయిన తల్లులు తెల్లవాళ్ళలో 14.5, నల్లజాతివాళ్ళలో 50.3. చదువు, డబ్బు ఉంటే సరిపోతుంది అనుకోకండి. షాలన్ ఇర్వింగ్ అని సీడీసీలో (అమెరికా ప్రభుత్వ ప్రజారోగ్య సంస్థ) శాస్త్రవేత్త, జనంలో ఈ ఆరోగ్య తేడాల మీదే పనిచేసిన మనిషి, 2017 జనవరిలో కూతురు పుట్టిన మూడు వారాలకి బీపీ వల్ల వచ్చిన ఇబ్బందులతో చనిపోయింది. బాగోలేదని ఆ మూడు వారాల్లో మళ్ళీ మళ్ళీ వెళ్ళి చూపించుకుంది.

మన ఆడపిల్లలకి కూడా చెప్పండి, బాలింత దిండు ఎత్తు పెట్టుకుంటే గానీ పడుకోలేకపోతుంటే అది మామూలు కాదు.

మనం ఏషియన్లం, బాగానే సంపాదిస్తున్నాం, మనకేం భయం?

ఇక్కడే మనవాళ్ళు పొరపడతారు. రికార్డుల్లో చైనా, జపాన్, వియత్నాం, మనం అందరం "ఏషియన్" అనే ఒకే డబ్బాలో పడతాం, డబ్బా మొత్తం సగటు చూస్తే బాగుంటుంది. విడదీసి చూస్తే, చనిపోయినవాళ్ళలో గుండె రక్తనాళాల జబ్బుతో పోయినవాళ్ళ వాటా ఇండియన్లలో ఎక్కువ. మొదటి గుండెపోటు వచ్చే వయసు దక్షిణాసియాలో 53, మిగతా దేశాల్లో దాదాపు 59. అంటే పిల్లల చదువులు కూడా అవ్వని వయసు. 2018 అమెరికా కొలెస్ట్రాల్ గైడ్‌లైన్స్ దక్షిణాసియా మూలాలు ఉండటాన్నే ప్రమాదం పెంచే అంశంగా రాశాయి, చాలామంది డాక్టర్లకి అది గుర్తుండదు, మీరే గుర్తు చేయండి. శాన్‌ఫ్రాన్సిస్కో, షికాగోల్లో 2010 నుంచి మసాలా అనే పేరుతో మనవాళ్ళ మీదే ఒక స్టడీ నడుస్తోంది, సన్నగా కనపడుతూనే సుగర్ ఉన్నవాళ్ళు మనలో ఎంతమందో దాంట్లో తెలుస్తుంది.

ఇంగ్లీష్ రాని అమ్మానాన్నల సంగతి?

ఇది నేను కళ్ళారా చూసింది. తెనాలి వైపు నుంచి కొడుకు దగ్గరికి వచ్చిన ఒక పెద్దాయన, అరవై దాటాయి. ఎమర్జెన్సీలో కొడుకే ఇంగ్లీషులోకి చెప్తున్నాడు. ఆయన "గుండెల్లో మంటగా ఉంది, ఎడమ రెక్క లాగుతోంది" అన్నాడు. కొడుకు "హార్ట్ బర్న్" అని చెప్పాడు, రెండో సగం ఎగిరిపోయింది. హార్ట్ బర్న్ అంటే వీళ్ళకి ఎసిడిటీ. మందు తాగించి కూర్చోబెట్టారు. ఇంకో పని మీద కిందకి వెళ్ళిన నేను తెలుగు వినపడి ఆగి "ఏం బాబాయ్ గారూ, ఎక్కడ నొప్పి?" అంటే, "నొప్పి కాదు తల్లీ, రోకలి పెట్టి అదిమినట్టుంది, పొద్దున్నించి ఈ రెక్క తిమ్మిరి" అని చెమట తుడుచుకున్నాడు. డాక్టర్ని పిలిచా, ఈసీజీ మళ్ళీ తీశారు, గంటలోపే మూసుకున్న రక్తనాళం తెరిచే క్యాథ్ ల్యాబ్‌కి తీసుకెళ్ళారు. కొడుకు తప్పేం లేదు, భయంలో ఉన్న పిల్లాడు. అడిగి ఇంటర్‌ప్రెటర్‌ని పెట్టాల్సింది హాస్పిటల్.

1964 పౌర హక్కుల చట్టం కింద ప్రభుత్వ డబ్బు తీసుకునే ఏ హాస్పిటలైనా మీ భాషలో ఇంటర్‌ప్రెటర్ ఉచితంగా ఇవ్వాలి, ఫోన్‌లోనో వీడియోలోనో తెలుగు మనిషి దొరుకుతారు. "తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలి" అని మీరే అడగండి, మొహమాటపడకండి. ఇంట్లో పిల్లల చేత చెప్పించొద్దు. ఛాతీలో ఇబ్బంది అని చెప్తే వచ్చిన పది నిమిషాల్లో ఈసీజీ తీయాలి, అది కూడా అడగొచ్చు.

విజిటర్ వీసా మీద వచ్చినవాళ్ళకి ఇన్సూరెన్స్ లేకపోతే చూడరా?

చూస్తారు. 1986 నాటి చట్టం ప్రకారం ఎమర్జెన్సీకి వచ్చిన ఎవరినైనా డబ్బు సంగతి పక్కన పెట్టి పరీక్ష చేయాలి, ప్రాణాపాయం ఉంటే నిలకడకి తేవాలి. బిల్లు తర్వాత వస్తుంది, పెద్దదే వస్తుంది, కానీ లాభాపేక్ష లేని హాస్పిటళ్ళన్నిటికీ ఆర్థిక సాయం పాలసీ ఉండి తీరాలి, ఫారం అడిగి నింపండి. బిల్లు భయంతో ఇంట్లో సోడా తాగుతూ కూర్చోవద్దు.

ఈ తేడాలు ఎక్కడైనా తగ్గాయా?

తగ్గాయి, అందుకే ఇదంతా రాస్తున్నా. మొదట్లో చెప్పిన హాస్పిటల్ కార్డియాక్ అరెస్ట్ లెక్కే మళ్ళీ చూడండి. అన్ని రకాల అరెస్టులూ కలిపి 2000లో బతికి బయటపడ్డ నల్లజాతి పేషెంట్లు 11.3 శాతం, తెల్లవాళ్ళు 15.8 శాతం. 2014కి 21.4, 23.2. పేషెంట్ల రక్తం మారిందా? లేదు, హాస్పిటళ్ళు మారాయి, అందులోనూ నల్లజాతి పేషెంట్లు ఎక్కువగా ఉన్న హాస్పిటళ్ళు బాగా మెరుగయ్యాయి.

నాకు బాగా ఇష్టమైంది లాస్ ఏంజెలెస్ బార్బర్ షాపుల కథ. 52 షాపులు, బీపీ ఎక్కువున్న 319 మంది నల్లజాతి మగవాళ్ళు. కొన్ని షాపుల్లో ఫార్మసిస్ట్ వచ్చి కటింగ్ కుర్చీ దగ్గరే బీపీ చూసి మందులు సర్దారు, మిగతా షాపుల్లో బార్బర్ డాక్టర్ దగ్గరికి వెళ్ళు అని చెప్పారు. ఆరు నెలలకి మొదటివాళ్ళలో పై బీపీ 27 పాయింట్లు తగ్గింది, రెండోవాళ్ళలో 9. మందులు కొత్తవేం కావు. ఏళ్ళుగా నమ్మిన బార్బర్ ఉన్నచోటికి వైద్యం నడిచి వెళ్ళింది, అంతే.

గుండె మార్పిడి విషయం కూడా, 2014 తర్వాత మెడికెయిడ్ (పేదవాళ్ళకి ప్రభుత్వం ఇచ్చే ఇన్సూరెన్స్) విస్తరించిన రాష్ట్రాల్లో వెయిటింగ్ లిస్టులోకి ఎక్కే నల్లజాతివాళ్ళ పేర్లు పెరిగాయి.

నేను ఒక్కణ్ణి ఏం చేయగలను?

సీపీఆర్ నేర్చుకోండి. పబ్లిక్‌లో ఎవరైనా కుప్పకూలితే పక్కనున్నవాళ్ళు ఛాతీ నొక్కడం తెల్లవాళ్ళకి 60 శాతం సార్లు జరిగింది, నల్లజాతివాళ్ళకి, లాటినోలకి 45.6 శాతమే, 2022 స్టడీ. మన గుడి హాల్లో, మన అసోసియేషన్ పిక్నిక్‌లో ఎంతమందికి వచ్చో లెక్కేయండి ఒకసారి.

డిశ్చార్జ్ రోజు ఏం అడగాలి?

ఎవరైనా సరే ఇవి అడగండి. గుండె పంపింగ్ శాతం ఎంత? హార్ట్ ఫెయిల్యూర్‌కి వాడే నాలుగు రకాల మందుల్లో నాకు ఏవి రాశారు, రానివి ఎందుకు రాయలేదు? వారం పది రోజుల్లో కార్డియాలజిస్ట్ అపాయింట్‌మెంట్, తేదీ టైమ్ కాగితం మీద పడ్డాకే బయల్దేరండి. కార్డియాక్ రిహాబ్, అంటే దగ్గరుండి చేయించే గుండె వ్యాయామాలు, రాశారా? రోజూ పొద్దున్నే బరువు చూసుకుని రాత్రికి రాత్రి 3 పౌండ్లు పెరిగితే ఎవరికి ఫోన్ చేయాలి?

ఉప్పు సంగతి డైటీషియన్ చెప్పేటప్పుడు ఇంట్లోవాళ్ళు పక్కనుండాలి. మొన్న ఒక పెద్దావిడకి తక్కువ ఉప్పు అని చెప్తూ చిప్స్, క్యాన్ సూప్, పిజ్జా లిస్ట్ చదివి వినిపించారు. ఆవిడ అన్నిటికీ తలూపింది, అవేవీ తినదు కదా. నేను మంచం పక్కన కూర్చుని "పెద్దమ్మా, ఆవకాయ?" అన్నా. "రెండు పూటలా" అంది. "అప్పడాలు? చల్లమిరపకాయలు?" అంటే కూతురి వైపు చూసింది. ఆ కాగితం వెనకాల తెలుగులో మళ్ళీ రాసిచ్చా, ఆవకాయ మొదటి లైన్లో పెట్టి.